చేతికి కుదిరే గ్రిప్.. చెప్పుకోదగ్గ ప్రాజెక్టు!

‘ఈ ప్రాజెక్టులో నువ్వు సొంతంగా చేసిందేంటి?’ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వినగానే చాలామంది మెకానికల్ విద్యార్థులకు గొంతు తడారిపోతుంది. అమీర్‌పేటలో కొనుక్కొచ్చిన ప్రాజెక్టయితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. తక్కువ ఖర్చుతో, ఇంట్లోనే, మీ చేతులతో చేయగలిగేది కావాలా? మీ దగ్గర్లోని షూటింగ్ రేంజ్‌కు ఒకసారి వెళ్లండి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు చెక్క గ్రిప్ చేయడం మంచి ప్రాజెక్టు.

ఎందుకింత ముఖ్యం?

బీజింగ్‌లో 2008లో అభినవ్ బింద్రా స్వర్ణం, లండన్‌లో 2012లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ విభాగంలోనే. 10 మీటర్ల దూరంలో ఉండే ‘పది’ చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. 75 నిమిషాల్లో నిలబడి 60 షాట్లు కాల్చాలి. గ్రిప్ లావుగా ఉంటే వేలు ట్రిగ్గర్‌ను నేరుగా వెనక్కి లాగదు, పక్కకు నెడుతుంది. గురి తప్పడానికి అది చాలు. అందుకే గ్రిప్, చెంప ఆన్చే చెక్క, భుజానికి ఆన్చే బట్ ప్లేట్.. అన్నీ మనిషి కొలతకు సర్దుకోవాలి.

గీత దాటొద్దు

మందుగుండుతో పేలే తుపాకుల జోలికి వెళ్లకండి. లైసెన్సు లేకుండా వాటిని తయారు చేసినా, మార్చినా 1959 ఆయుధాల చట్టం కింద నేరం. ఎయిర్ రైఫిల్‌లోనూ బ్యారెల్, గాలి సిలిండర్, ట్రిగ్గర్ లోపలి భాగాలు ముట్టుకోవద్దు. సిలిండర్‌లో ఒత్తిడి సాధారణంగా 200 బార్ ఉంటుంది. రైఫిల్‌ను రేంజ్‌లోనే ఉంచి, కోచ్ అనుమతితో విడి గ్రిప్ మాత్రమే ఇంటికి తెచ్చుకోండి.

ఇలా మొదలుపెట్టండి

- షూటర్ అరచేతి వెడల్పు, బొటనవేలి సందు నుంచి చూపుడువేలి కొస వరకు పొడవు కొలిచి రాసుకోండి.
- అసలు గ్రిప్‌ను పాడు చేయకుండా, పాత చెక్క గ్రిప్ ఒకటి సంపాదించండి.
- ఎక్కువున్న చోట ఆకురాయితో తీయండి. తక్కువైన చోట ఎం-సీల్ ముద్ద పెట్టి చేతి అచ్చు తీసుకోండి.
- 80, 240, 400 నంబర్ల గరుకు కాగితాలతో వరసగా నునుపు చేయండి. మాస్కు తప్పనిసరి.
- పోటీ నిబంధనలు చూసుకోండి. రైఫిల్ బరువు 5.5 కిలోలు దాటకూడదు. పట్టు కోసం రబ్బరు లాంటివి అతికించకూడదు.

కొలిస్తేనే ఇంజినీరింగ్

‘బాగా వచ్చింది’ అంటే ఎవరూ నమ్మరు. ఒకే షూటర్, ఒకే రకం పెల్లెట్లు. పాత గ్రిప్‌తో పది షాట్లు, కొత్తదాంతో పది షాట్లు.. ఒకే సెషన్‌లో మార్చి మార్చి ఐదేసి సార్లు కాల్పించండి. పాతది ఒకరోజు, కొత్తది ఇంకోరోజు అయితే తేడా గ్రిప్‌దో, షూటర్ మూడ్‌దో తేలదు. టార్గెట్ మీద రంధ్రాల మధ్య దూరాన్ని వెర్నియర్‌తో కొలవండి. తేడా రాకపోయినా అదే రాయండి. ఎందుకు రాలేదో వివరించగలిగితే అదీ మంచి జవాబే.

ఎక్కడ పనికొస్తుంది?

మనిషి శరీరానికి తగ్గట్టు వస్తువును మలచడమే ఎర్గోనమిక్స్. డ్రిల్లింగ్ మెషీన్ పిడి నుంచి కృత్రిమ కాలు వరకు అన్నిచోట్లా దీని అవసరం ఉంది. డిజైన్ వైపు వెళ్లాలంటే సీడ్ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎం.డెస్ చేయొచ్చు. పనిముట్ల తయారీ నచ్చితే బాలానగర్‌లోని సీఐటీడీ కోర్సులు చూడండి. ఐటీఐ ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్ చదివినవాళ్లు తిరుచిరాపల్లి లాంటి ఆయుధ కర్మాగారాల అప్రెంటిస్ ప్రకటనలపై కన్నేసి ఉంచాలి.

ఇంటర్వ్యూకు గ్రిప్ ఫొటోలు, కొలతల పట్టిక తీసుకెళ్లండి. మొదట సమస్య, తర్వాత మీరు చేసిన మార్పు, చివర్లో ఫలితం.. రెండు నిమిషాల్లో చెప్పేయాలి. సొంతంగా అరగదీసిన చెక్క గురించి ఎన్ని ప్రశ్నలు వేసినా మీ దగ్గర జవాబు ఉంటుంది.