దూరమెవరికి? — దూరవిద్యయు, కాపరిసేవయు

ఇంటనుండియే పాఠములు చదివి పట్టము పొందు పద్ధతి క్రొత్తది కాదు. తన తరగతులలో గూర్చుండని వారిని సైతము లండను విశ్వవిద్యాలయము 1858 నుండి పరీక్షలకు రానిచ్చినది. మన దేశమున ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లో తపాలాపాఠముల నారంభించినది. దేశమందలి మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో మన హైదరాబాదుననే వెలసి, 1991 నుండి డాక్టరు అంబేద్కరు నామమున నడచుచున్నది. చరిత్రయు, గణితమును, వాణిజ్యమును ఇట్లు నేర్వవచ్చునని యిప్పుడు శంకించువా రరుదు.

ఒక్క విద్యను గూర్చి మాత్రము శంక తీఱలేదు. మరణశయ్యపై నున్నవాని చెంత గూర్చుండుట, బిడ్డను గోల్పోయిన తల్లి మాట నాలకించుట, చెఱసాలలో నున్నవాని నూఱడించుట — ఇవి తపాలామూలమున నేర్వదగినవేనా? క్రైస్తవసంఘములలో కాపరిసేవ యనియు, ఆస్పత్రులలో, సైన్యములలో, కారాగృహములలో చాప్లెయిను పని యనియు బిలువబడు నీ వృత్తికి దూరవిద్యచే శిక్షణ మిచ్చు సంస్థలు నేడు పెక్కు దేశములలో నున్నవి. మన దేశమునను గలవు. కావున నీ ప్రశ్న మన వాకిటికిని వచ్చినదే.

'చాప్లెయిను' అను పేరునకే యొక కథ కలదు. నాలుగవ శతాబ్దమున మార్టిను అను రోమకసైనికుడు, చలికి వణకుచున్న బిచ్చగానిని జూచి తన పైవస్త్రమును ఖడ్గముతో రెండు చేసి, సగ మతనికి గప్పెనని ఐరోపా ప్రజలు చెప్పుకొందురు. ఆయనయే పిమ్మట ఫ్రాన్సునందలి టూర్ నగరమునకు బిషప్పయ్యెను. ఆ వస్త్రమును ఫ్రాంకు రాజులు పవిత్రవస్తువుగా దాచుకొనిరి. లాటినుభాషలో నట్టి వస్త్రమునకు 'కప్పా' యని పేరు. దానిని గాచు గురువులకు ఆ పదము నుండియే యీ బిరుదు వచ్చినది. ఈ పేరు పుట్టినది ఉపన్యాసపీఠముపై గాదు. చలిలో నున్నవానికి గప్పిన సగము బట్టయందు.

మన దేశమునకు మాత్ర మిది మఱియొక రూపమున వచ్చినది. 1813 నాటి చార్టరు శాసనము కలకత్తాకు బిషప్పును, మూడు రాజధానులకు ఆర్చిడీకనులను నియమించి, వారి జీతముల భారమును భారతదేశపు రాబడిపై మోపినది. దొరలకును, తెల్లసైనికులకును బ్రార్థనలు చేయించు చాప్లెయినులను మన రైతు పన్నులే పోషించినవి. 1935 నాటి రాజ్యాంగశాసనములో సైతము దేశరక్షణము, విదేశవ్యవహారములతోబాటు ఆ మతశాఖయు గవర్నరు జనరలు చేతియందే యుంచబడినది. స్వాతంత్ర్యముతో నా శాఖ యంతరించినది. నేడు భారతసైన్యమున పండితుడు, గ్రంథి, మౌల్వీ, పాదిరి మున్నగు ధర్మగురువు లెవరి దళములకు వారు సేవ చేయుచున్నారు. పేరు పరాయిదొరల కాలమున వచ్చినను, పని పరాయిది కాదు. దుఃఖమునకు జాతిభేదము లేదు.

ఇక శిక్షణ మాట. ఈ పనికి బడి రోగి పడకయే యని మొదట నిశ్చయించి చెప్పినవారిలో ముఖ్యుడు అమెరికావాసి యాంటన్ బోయిసెన్. ఈయన మతాచార్యుడు, 1920లో మతి చలించి తానే మానసిక చికిత్సాలయమున రోగిగా నుండి కోలుకొన్నవాడు. తన మనోవ్యథను గూర్చి మాటలాడుటకు వచ్చిన మతగురువు లెంత యసమర్థులో ఆయన కప్పుడు బోధపడినది. 1924లో మసాచుసెట్సు రాష్ట్రమందలి వూస్టరు ఆస్పత్రిలో చాప్లెయినుగా జేరి, 1925 వేసవిలో కొందఱు వేదాంత విద్యార్థుల నచటికే రప్పించి, రోగులమధ్య పనిచేయుచు నేర్చుకొనునట్లు చేసెను. గ్రంథములను జదివినట్లే మనుష్యులను జదువవలెననియు, వారును సజీవములైన గ్రంథములే యనియు ఆయన మతము. బోస్టను వైద్యుడు రిచర్డు కాబట్ దీనికి గొప్ప యండగా నిలిచెను. వైద్యవిద్యార్థికి ఆస్పత్రి యెట్లో మతవిద్యార్థికిని అట్లే యావశ్యకమని కాబట్ వాదించెను.

కాబట్‌తో గలసి పనిచేసిన రస్సెల్ డిక్స్ అను చాప్లెయిను మఱియొక సాధనమును బ్రచారములోనికి దెచ్చెను. రోగితో జరిగిన సంభాషణము నంతయు, ఎవ రేమనిరో పొల్లు పోకుండ, గదినుండి వచ్చిన వెంటనే వ్రాయవలెను. దానిని గురువును సహవిద్యార్థులును జదివి పరీక్షింతురు. చూచుటకు స్వల్పమైన పనివలె దోచును. రోగి "నే నింటికి పోగలనా?" యని యడిగినాడనుకొందము. విద్యార్థి "తప్పక పోగలరు, ధైర్యముగా నుండుడు" అని బదులు చెప్పినాడు. కాగితముపై నది చూచినపుడు గురు వడుగును: నీ వుపశమింపజేసినది రోగి భయమునా, నీ భయమునా? ఆ ప్రశ్నతో విద్యార్థి కన్నులు తెఱచుకొనును. మనకు పరామర్శ క్రొత్త గాదు; చావింటికి బోవని తెలుగువాడు లేడు. కాని పోయిన పిదప "అంతయు కర్మ" యనియో, "దైవేచ్ఛ" యనియో చెప్పి త్వరగా లేచి వచ్చుటయు మనకు క్రొత్త గాదు. లేచి రాకుండ గూర్చుండుటయే యీ శిక్షణ.

ఇట్లుండగా దీనిని దూరమున నేర్పుట యెట్లు? సహజమైన ఆక్షేపణమే. అమెరికాలో నేడు ఈ శిక్షణమున నొక్కొక్క ఘట్టమునకు సుమారు 400 గంటలు నియమము. అందు జాలభాగము రోగుల చెంతనే గడపవలెను. తపాలాకట్టలో రోగి రాడు. కాని యీ యాక్షేపణము చేయువారు మఱచునది యొకటి కలదు. దూరవిద్యలో దూరముగా నుండునది కళాశాల, రోగి కాడు. నగరమందలి వసతికళాశాలకు బోయిన విద్యార్థియే తన యూరి రోగికి దూరమగుచున్నాడు. దూర మెవరికని మొదట నడుగవలెను.

ఈ సత్యమును లోకమునకు దెలిపినది గ్వాటెమాలా యను చిన్న దేశము. అచటి ప్రెస్బిటీరియను సంఘమువారి వేదాంతకళాశాల రాజధానిలో నుండెడిది. పల్లెలనుండి వచ్చి చదివినవారిలో బలువురు మరల పల్లెకు బోవ నిచ్చగింపరైరి. మఱి పల్లెలో సంఘములను నిజముగా నడపు పెద్దలకు చేనును, కుటుంబమును విడిచి వచ్చి చదువు వీలు లేదు. కళాశాలను పల్లెప్రాంతమునకు మార్చినను చిక్కు తీఱలేదు. అంతట 1963లో రాల్ఫ్ వింటర్, జేమ్స్ ఎమరీ, రాస్ కిన్స్లర్ మున్నగు నుపాధ్యాయులు పద్ధతినే తలక్రిందు చేసిరి. విద్యార్థి కళాశాలకు వచ్చుటకు మాఱు కళాశాల విద్యార్థికడకు బోవలెను. ఇంట జదువుకొనుటకు తగినట్లు పాఠములు వ్రాసిరి. వారమున కొకసారి సమీపకేంద్రమున గురు విద్యార్థులు కలసికొనునట్లు చేసిరి. నారు తెచ్చుటకై పొలమును విడిచి పోయిన రైతు తిరిగి రానిచో నా నారెందులకు?

మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమునందలి టెడ్ వార్డ్ అను విద్యావేత్త ఈ పద్ధతిని కంచెతో బోల్చెను. కంచెకు రెండు అడ్డుకఱ్ఱలు. పైది గ్రంథపఠనము, క్రిందిది ప్రతిదినమును చేయు సేవ. ఈ రెంటిని విడిపోకుండ బట్టి నిలుపునవి నడుమనడుమ పాతిన గుంజలు. గురుశిష్యులు కలసి చర్చించు సమావేశములే యా గుంజలు. గుంజలు లేక యడ్డుకఱ్ఱలు మాత్రమే పఱచినచో పశువు లోపలికి రాక మానునా? పొలము గల మన పాఠకులకు దీనిని విడమరచి చెప్పనక్కఱలేదు.

మన దేశమున నీ పద్ధతి వ్యాపింప నెన్నో యేండ్లు పట్టలేదు. ఇట్టి విద్య కొఱకే యొక సంఘము 1971లో బెంగుళూరున నేర్పడి, ఉద్యోగములు చేసికొనుచున్నవారికి మతవిద్య నేర్పుచున్నది. 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డులు స్థాపించి, 1827లో డేనిష్ రాజునుండి పట్టములిచ్చు నధికారమును బొందిన సేరంపూరు కళాశాల యొక్క సెనేటును, ఇంటనుండి చదువువారికై పరీక్షల నేర్పఱచినది. ఇంతకు బూర్వమే మన తెలుగునాట నీ భావమునకు మూల మొకటి కలదు. 1912లో దోర్నకలు బిషప్పయి, 1945లో గతించువఱకు నచటనే సేవ చేసిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. మనకొఱకు తెలుగు నేర్చుకొన్నవాడు. ఆంగ్లికను సంఘమున బిషప్పు పదవి నందిన మొదటి భారతీయు డీయనయే. నిరుపేదకుటుంబములనుండి వచ్చిన గ్రామోపదేశకులకు శిక్షణ మిచ్చునపుడు వారి భార్యలకును విద్య గఱపవలెనని యాయన పట్టు. కాపరిని పల్లెనుండి వేఱు చేయరాదు, పల్లెజీవనము ననుసరించియే తీర్చిదిద్దవలెనన్నది యాయన సిద్ధాంతము.

దూరవిద్యవలన వచ్చున దేది, రానిదేది? మతగ్రంథములు, సంఘచరిత్ర, వ్యాధుల స్వభావము, శోకము నడచు తీరు, రహస్యమును గాపాడు ధర్మము, చట్టముల హద్దులు — ఇవి యన్నియు ముద్రితపాఠముల మూలమున జక్కగ వచ్చును. మౌనమును సహించుట, తన తొట్రుపాటును తాను గుర్తించుట, రోగి చేయి పట్టుకొనదగిన వేళ నెఱుగుట — ఇవి రావు. 2020లో కోవిడు మహమ్మారి వచ్చినపు డీ రెంటి నడుమ హద్దు స్పష్టమైనది. విదేశములలో శిక్షణబృందములు దూరదృశ్యసాధనముల మూలమున గలసికొన్నవి. చర్చలు జరిగినవి, పాఠములు సాగినవి. రోగుల గదులలోనికి బంధువులను రానీయనిచోట చాప్లెయినులు దూరవాణిలో మాటలాడిరి. బొత్తిగా లేనిదానికంటె నది మేలే. ఐనను తలుపు తెఱచిన నాడు వారందఱు గదిలోనికే పోయిరి గాని యంత్రముతోనే తృప్తి పడలేదు.

ఇచట మూడు ప్రమాదములను జెప్పక తప్పదు. మొదటిది, రుసుము పుచ్చుకొని పట్టాకాగితమును బంపు వ్యాపారము. ఒక్క ఆస్పత్రిగదిలోనైన నడుగు పెట్టనివానికి, ఒక్క గురువుముందైన తన సంభాషణమును జదివి వినిపింపనివానికి చాప్లెయినని పేరు పెట్టుట మోసము. రెండవది, రోగి బలహీనత నాసరాగా గొని మతము మార్ప జూచుటయు, స్వస్థత వాగ్దానము చేసి మందు మాన్పించుటయు. ఈ దోషము ఒక్క మతమువారికి బరిమితము కాదు. తాయెత్తు కట్టి చికిత్స మాన్పించువారును ఈ పాపమున భాగస్వాములే. రోగి యడుగనిదే మతబోధ చేయరాదన్నది శిక్షణమున మొదటిపాఠము కావలెను.

మూడవది భాష. ఉన్నతపాఠములు మిక్కిలి భాగ మాంగ్లమున నున్నవి. ఆంగ్లమున నేర్చినవాడు "నీ వెట్లు భావించుచున్నావు?" అని తర్జుమాభాషలో నడుగును; తెలుగుతల్లి దిగ్భ్రమ చెంది చూచును. ఆమె "గుండె చెఱువైన"దనును, "ప్రాణము ఉసూరుమన్న"దనును, "కాళ్లు చేతు లాడుట లే"దనును. నొప్పికే పోటు, తీపు, సలుపు, మంట యని మన పల్లెలలో వేర్వేఱు మాటలు గలవు. ఈ మాటలు వినగల చెవిని దెలుగుపాఠమే యీయగలదు. దేశభాషలో విద్య యను మాట యేండ్లతరబడి మనము విన్నదే. అది కలెక్టరు కచేరికిని, కళాశాలకును మాత్రమే కాదు, రోగి పడకకును వర్తించును.

మా విన్నప మిది. సంఘముల పెద్దలు దూరవిద్యను దిరస్కరింపవలదు. దానికి గుంజలు పాతవలెను. ప్రతి జిల్లాలోను ఒక ఆస్పత్రిని, ఒక యనుభవజ్ఞుడగు గురువును, పాతికమైళ్లలోపున కలసికొనదగిన చిన్నబృందమును ఏర్పఱచి, పాఠములను దెలుగున వ్రాయింపవలెను. ఆస్పత్రుల యాజమాన్యములు, ఏ మతమువాడైనను తన వారిని జూడగోరిన రోగికి తగిన మనిషిని బంపుటకు వలయు నేర్పాటు చేయవలెను. సార్వత్రిక విద్యాసంస్థలును ఈ సేవను జదువదగిన విషయముగా బరిగణింపవచ్చును. గ్రామములందు బలుకుబడి గల మా పాఠకులు, తమ యూరి పాస్టరో, పూజారియో, మౌల్వీయో ఇట్టి శిక్షణమునకు బోవ నెంచినచో నెగతాళి చేయక, వారి ప్రయాణవ్యయమైన భరించినచో నది యూరికి జేసిన మేలే యగును. ఏనాడో యొకనాడు మన యింటి పడకవద్దను గూర్చుండువాడు కావలసివచ్చును. ఆనాడు వచ్చువాడు పట్టము గలవాడా యని మన మడుగము. లేచి పోకుండ గూర్చుండగలవాడా యనియే చూతుము.