జహీరాబాద్ ట్రాక్టర్‌ని ఎవరూ రివ్యూ చేయరేం?

2023 ఆగస్టు 15న మహీంద్రా కేప్‌టౌన్‌లో పెట్టిన ఈవెంట్ గుర్తుందా? స్టేజీ మీదికి థార్.ఈ అనే ఎలక్ట్రిక్ కాన్సెప్ట్ వచ్చింది. స్కార్పియో-ఎన్ బేస్ మీద చేసిన పికప్ కాన్సెప్ట్ వచ్చింది. మా కార్ల గ్రూపులో వారం రోజులు అదే ముచ్చట. థార్.ఈ ఫొటో నాకు చాలా రోజులు వాల్‌పేపర్‌గా ఉండేది.

అవి రెండూ కాన్సెప్టులే. అదే ఈవెంట్‌లో ధరతో సహా లాంచ్ అయినవి మాత్రం ఓజా ట్రాక్టర్లు. ఇండియా కోసం 7 మోడళ్లు, జపాన్‌లోని మిత్సుబిషి మహీంద్రా టీమ్‌తో కలిసి డిజైన్ చేసినవి. తయారయ్యేది ఎక్కడో కాదు, మన జహీరాబాద్‌లో. మాది రాయికోడ్. ఆ ప్లాంటు ముందు నుంచి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. 1980లలో ఆల్విన్ నిస్సాన్ వ్యాన్లతో మొదలై, 1989లో మహీంద్రా చేతికొచ్చిన చరిత్ర దానిది. అయినా ఆ రోజు ఓజా పార్ట్ వచ్చినప్పుడు నేను వీడియో ఫార్వర్డ్ చేశా.

మొన్న ఊరికి పోతే మా కాక అడిగిండు: "ఫోన్లు, కార్లు అన్నీ చెప్తవ్ గదరా, గా చిన్న ట్రాక్టర్ దీస్కోవాల్నా వద్దా?" సరే అని రివ్యూలు వెతికా. దొరికినవన్నీ బ్రోచర్ చదివే వీడియోలే. ఫోన్‌కైతే బ్యాటరీ టెస్ట్, కెమెరా పోలిక, నెల తర్వాత రిపోర్ట్ కూడా ఉంటాయి. 5 లక్షలకి పైబడిన ట్రాక్టర్‌కి మాత్రం ఏమీ లేదు. మరి స్పెక్స్ షీట్ నేనే ముందేసుకుని కూర్చున్నా.

మోడల్ నంబర్ చదవడం ఈజీ. చివరి రెండంకెలు హార్స్‌పవర్. 2127 అంటే 27, 3140 అంటే 40. లాంచ్‌లో పుణె ఎక్స్‌షోరూమ్ ధరలు 2127కి 5,64,500, 3140కి 7,35,000 రూపాయలు. అన్నీ ఫోర్ వీల్ డ్రైవే. 12 ముందుకి, 12 వెనక్కి గేర్లు. ఆటోమేషన్ ప్యాక్ ఉన్న వేరియంట్‌లో, సాలు చివర స్టీరింగ్ తిప్పితే వెనకున్న పనిముట్టు దానంతటదే లేస్తుంది, లోపలి వైపు చక్రానికి బ్రేక్ పడుతుంది. రోటవేటర్ పైకి లేస్తే పీటీవో ఆగిపోతుంది. పొద్దంతా దున్నేవాడు సాలు సాలుకీ చేత్తో, కాలుతో చేసే పనులివి. కారులో వెంటిలేటెడ్ సీటుకి చప్పట్లు కొడతాం కదా, నా లెక్కలో దానికన్నా ఇదే పెద్ద ఫీచర్.

మరి కాకకి కొనమన్నానా? లేదు. ఆయన పని పత్తి ఒక్కటే కాదు. చెరుకు సీజన్‌లో ట్రాలీ కట్టి కిరాయికి తిప్పుతాడు, అసలు ఆదాయం అక్కడే. లోడు ట్రాలీని నల్లరేగడి బాటల్లోంచి లాగాలంటే బండికి బరువు కావాలి. చిన్న ఓజా ఆ పనికి పుట్టలేదు. పత్తి సాళ్ల మధ్య పైపాటుకి, తోటలకి, కూరగాయల మళ్లకి అయితే సరిగ్గా సరిపోతుంది. ఇంకోటి, ఇంజిన్ హెచ్‌పీ చూసి మోసపోవద్దు. రోటవేటర్‌కి అందేది పీటీవో హెచ్‌పీ, అది ఎప్పుడూ తక్కువే. ఫోన్ బాక్స్ మీద 128 జీబీ అని రాసి, లోపల మనకి మిగిలేది తక్కువ ఉన్నట్టు.

ధర సంగతికొస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ఆ వారం మన ఫీడ్ మొత్తం చిన్న కార్లు 28 నుంచి 18కి వచ్చాయన్న వార్తే. కాకకి ట్రాక్టర్ సంగతి నేను చెప్పేదాకా తెలియదు. 2023 ధరలు పట్టుకుని షోరూమ్‌కి పోవద్దు, కొత్త కొటేషన్ అడగండి.

నన్ను నిజంగా ఆపింది వేరే. ఓజాలో జీపీఎస్ లొకేషన్, డీజిల్ మానిటరింగ్ లాంటి కనెక్టెడ్ ఫీచర్లు కూడా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా నా మొదటి డౌట్, సపోర్ట్ ఎన్నేళ్లు? ఫోన్ మూడేళ్లకి మారుస్తాం. మా కాక ఇప్పటి ట్రాక్టర్ నా పదో తరగతి నాటిది. అమెరికాలో రైతులు సొంత ట్రాక్టర్ని సొంతంగా రిపేర్ చేసుకోలేకపోతున్నారని 2025 జనవరిలో ఎఫ్‌టీసీ జాన్ డీర్ మీద కేసే వేసింది. కొలరాడో అంతకుముందే, 2023లో, రైతుల రిపేర్ హక్కుకి చట్టం చేసింది. మన దగ్గర 2022 డిసెంబర్‌లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. ఫోన్లు, కార్లతో పాటు వ్యవసాయ పరికరాలూ అందులో ఉన్నాయి. కానీ అది పోర్టల్, చట్టం కాదు.

ఇదంతా చెప్తే కాక చాయ్ తాగుతూ విని ఒక్కటే అడిగిండు: "సెన్సార్ ఖరాబైతే మన రాయికోడ్‌ల ఎవరు జేస్తర్రా?"

స్పెక్స్ షీట్‌లో దానికి కాలమ్ లేదు. డెమో అడగమన్నా, మా చేన్లోనే, తడి నేల మీద. అక్కడికొచ్చిన వాళ్లని మొదట ఆ ప్రశ్నే వేస్తానంటున్నాడు.