బుస్సీ దొర: తప్పెవరి పద్దులో?

బొబ్బిలి కథ పాడేవాళ్ల నోట ఆయన 'మూసా బూసీ'. 'మొస్యూ బుస్సీ' అనే ఫ్రెంచి మర్యాద మన ఊళ్లకొచ్చి అలా అరిగింది. పూర్తి పేరు షార్ల్ జోసెఫ్ పాతిసియే, మార్కీ ద బుస్సీ-కాస్తెల్నో. పాటకుడు ఊపిరి మిగుల్చుకున్నాడంటే తప్పు పట్టలేం.

◆

శ్రీకాకుళం నుంచి కొండపల్లి దాకా ఉన్న సర్కారులు ఫ్రెంచివాళ్లకు దక్కింది 1753లో. గెలుచుకుని కాదు, జీతం బాకీ కింద. బుస్సీ సైన్యాన్ని పోషించడానికి హైదరాబాదు నవాబు సలాబత్ జంగ్ ఈ సీమల శిస్తు రాసిచ్చాడు. అంటే బుస్సీ గుర్రాల దాణా నుంచి ఫిరంగుల మందు దాకా అన్నీ మన రైతు కట్టే పన్ను మీదే నడవాలి. ఆయన్ని వీరుడిగానో క్రూరుడిగానో తూచే ముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

◆

పాత ఫౌజుదారు జాఫర్ అలీ ఊరుకోలేదు. విజయనగరం పూసపాటి విజయరామరాజును ముందు తనవైపు తిప్పుకున్నాడు. ఫ్రెంచివాళ్లు అంతకన్నా తెలివిగా రాజమండ్రి, శ్రీకాకుళం సీమల గుత్తను రాజుకే చవగ్గా కట్టబెట్టారు. ఒంటరైన జాఫర్ అలీ నాగపూరు మరాఠా దండును పిలిచాడు. ఆ గుర్రపుదండు దోచుకున్నది మాత్రం ఈ తగవుతో ఏ సంబంధమూ లేని పల్లెల్ని.

◆

1756లో హైదరాబాదులో సలాబత్ జంగే బుస్సీని కొలువు నుంచి తీసేస్తే, ఆయన చార్‌మహల్లో చేరి ముట్టడిని తట్టుకుని నిలిచాడు. 'దొర పని అయిపోయింది' అనుకుని సర్కారుల్లో చాలామంది ముఖం చాటేశారు. చాటేయనివాడు విజయరామరాజు. ఆ ఏడాది చివర బుస్సీ దండుతో ఉత్తరానికి వచ్చినప్పుడు ఆ ఋణం ఆయన నెత్తిన ఉంది. నా లెక్కలో బొబ్బిలి యుద్ధానికి అసలు బీజం ఇక్కడే పడింది. పొరుగు బొబ్బిలితో విజయనగరానికి ఉన్న కోడిపందేల, వాగు నీళ్ల తగాదాలు ఆ తర్వాతి మాట.

◆

బుస్సీ మొదట యుద్ధం అడగలేదు. బొబ్బిలి వదిలేస్తే మరోచోట అంతకు మించిన రాబడి ఉన్న భూమి ఇస్తానని అక్కడి దొర రంగారావుకు కబురు పెట్టాడు. బుస్సీ దృష్టిలో అది న్యాయమైన బేరం. బొబ్బిలి అనే పేరే 'పెద్దపులి' నుంచి వచ్చిందని చెప్పుకునే వెలమ దొరలకు మాత్రం అది చెంపదెబ్బ. ఇంతలో ఒక కనుమ దారిలో సిపాయిల మీద మాటుదాడి జరిగింది. చేయించింది రంగారావేనని విజయరామరాజు చెప్పాడు, బుస్సీ నమ్మాడు. నిజమేమిటో విచారించే తీరిక ఆయనకు లేదు, అవసరమూ కనబడలేదు.

◆

1757 జనవరి 24. ఫిరంగులు కోట గోడల్ని పగలగొట్టాయి గాని లోపలివాళ్లు లొంగలేదు. ఆశ పోయాక ఆడవాళ్లనూ పిల్లలనూ తామే చంపుకుని, మగవాళ్లు పోరులో పడిపోయారు. పొగ ఆరాక ఒక ముసలాయన పసివాణ్ణి ఎత్తుకుని ఫ్రెంచి అధికారి దగ్గరికి నడిచి వచ్చాడు. వాడు రంగారావు కొడుకు. తండ్రి మాటను కాదని బతికించిన బిడ్డ. తండ్రికి ఇవ్వజూపిన భూమికే బుస్సీ ఆ పిల్లవాణ్ణి దొరను చేశాడు. దయ అనండి, పశ్చాత్తాపం అనండి, ఒక్కరోజు ఆలస్యమైంది.

◆

ఈ ముసలాయన ముచ్చట రాసినవాడు రాబర్ట్ ఓర్మ్, ఇంగ్లీషువాడు. 1778లో అచ్చయిన సంపుటంలో శత్రుపక్షపు సేనాని గురించి ఆశ్చర్యపోయేంత మెత్తగా రాశాడు. మన పాటకులూ బుస్సీని పెద్దగా తిట్టరు! వాళ్ల కోపమంతా లంచం తిని దొర చెవి కొరికిన దివాను హైదర్ జంగ్ మీద, విజయరామరాజు మీద. ఇద్దరు సాక్షులూ ఆయన్ని అలా వదిలేశారు. నాకు మాత్రం అంత సులువుగా వదలబుద్ధి కాదు. చెవి ఎవరు కొరికినా, ఫిరంగికి నిప్పు పెట్టమనే హుకుం ఇచ్చింది బుస్సీయే కదా.

◆

అదే బుస్సీ అయిదు నెలలకు, ప్లాసీ యుద్ధం జరిగిన వారంలోనే, విశాఖపట్నంలో ఇంగ్లీషు కోటను పట్టుకున్నాడు. లొంగినవాళ్లను ఎంతో మర్యాదగా చూశాడని పేరు. కోటలో ఉన్నది ఎవరన్నదాన్ని బట్టి మర్యాద కొలత మారిందేమో!

◆

విజయరామరాజు గెలుపు మూడునాళ్ల ముచ్చటే అయింది. యుద్ధమైన కొద్ది రోజులకే గుడారంలో కత్తిపోట్లకు బలయ్యాడు. పొడిచినవాడు బొబ్బిలి పక్షపు రాజాం సర్దారు తాండ్ర పాపారాయుడని కథ. తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజుకు బుస్సీతో పొసగలేదు. 1758లో ఆయన విశాఖను ఫ్రెంచివాళ్ల నుంచి లాక్కుని ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. క్లైవు పంపిన ఫోర్డ్ ఆ డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి సేనను ఓడించాడు. బొబ్బిలిలో ఒక స్నేహితుడి కోసం బుస్సీ చేసిన పని, ఆ స్నేహితుడి ఇంటి నుంచే తిరగబడింది.

◆

అప్పటికి బుస్సీ ఇక్కడ లేడు. కొత్త గవర్నరు లాలీ దక్షిణానికి పిలిపించుకున్నాడు. ఇద్దరికీ క్షణం పడేది కాదు. 1760 జనవరి 22న వందవాసిలో బుస్సీ గుర్రం తూటా తగిలి కూలింది, ఆయన ఇంగ్లీషువాళ్లకు చిక్కాడు. బొబ్బిలి జరిగి మూడేళ్లకు రెండు రోజులు తక్కువ. ముసలితనంలో మళ్లీ వచ్చి, 1785లో పుదుచ్చేరిలో కన్నుమూశాడు.

◆

బొబ్బిలిలో పాత కోట ఉన్నచోట 1891లో నిలబెట్టిన యుద్ధస్తంభం ఇప్పటికీ ఉంది. ఆ ఊరు 1979 నుంచి విజయనగరం జిల్లాలోనే! పాపారాయుడి రాజాం మాత్రం శ్రీకాకుళం జిల్లాలో మిగిలింది. 2022లో జిల్లాల్ని మళ్లీ గీసినప్పుడు అదీ విజయనగరంలో కలిసింది.