గిగ్ వర్కర్స్: యాప్‌లో పని దొరికింది సరే.. ప్రమాదం జరిగితే దిక్కెవరు? సిక్కోలు, విజయనగరం యువత తెలుసుకోవాల్సిన విషయాలివే!

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ అయినా, విజయనగరం గంట స్తంభం సెంటర్ అయినా.. సాయంత్రం ఏడు దాటితే ఒకటే సీన్. వీపున పెద్ద సంచి, బైక్ హ్యాండిల్‌కు ఫోన్ తగిలించుకున్న కుర్రాళ్లు హోటళ్ల ముందు ఆర్డర్ కోసం ఎదురుచూస్తుంటారు. కొందరు డిగ్రీ చదువుతూ చేస్తున్నారు. ఇంకొందరు బీటెక్ అయిపోయి ఉద్యోగం రాక చేస్తున్నారు. హైదరాబాద్ వలస వెళ్లి, ఇంటి దగ్గరే ఉందామని తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు.

మరోవైపు రాజాం, బొబ్బిలి, ఎచ్చెర్ల లాంటి చోట్ల ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వీడియో ఎడిటింగ్, డిజైనింగ్, కోడింగ్ చేసి సంపాదించే ఫ్రీలాన్సర్లు కనిపిస్తున్నారు. వీళ్లకు జీతం లేదు, బాస్ లేడు. చేసిన పనికే డబ్బులు.

అంతవరకు బాగానే ఉంది. కానీ రాత్రి వానలో బండి జారి కాలు విరిగితే? మూడు నెలలు మంచం మీదే ఉండాల్సి వస్తే? ఆసుపత్రి బిల్లు ఎవరు కట్టాలి? ఇల్లు ఎలా గడవాలి? గిగ్ పనిలో అసలు ప్రశ్న ఇదే. దీనికి చట్టంలో ఇప్పుడు కొంత సమాధానం దొరికింది. కానీ ఆ సాయం అందాలంటే మీరు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. అవేంటో చూద్దాం.

అసలు గిగ్ వర్కర్ అంటే ఎవరు?

సింపుల్‌గా చెప్పాలంటే, యజమాని-ఉద్యోగి అనే పాత పద్ధతికి బయట పనిచేసి సంపాదించుకునే వ్యక్తి. సామాజిక భద్రతా కోడ్-2020 గిగ్ వర్కర్‌కు ఇచ్చిన నిర్వచనం కూడా దాదాపు ఇదే. అందులో యాప్ ద్వారా పని చేసేవాళ్లను ప్లాట్‌ఫామ్ వర్కర్లు అంటారు. ఫుడ్ డెలివరీ, బైక్ ట్యాక్సీ, క్యాబ్, పార్సిల్ డెలివరీ, ఇంటికొచ్చి ఏసీ రిపేర్ చేయడం లాంటివన్నీ ఈ కోవలోకే వస్తాయి.

నీతి ఆయోగ్ 2022 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో గిగ్ వర్కర్లు 77 లక్షల మంది. 2029-30 నాటికి ఈ సంఖ్య 2.35 కోట్లకు చేరుతుందని అంచనా. అంటే పదేళ్లలోనే మూడింతలు! ఇందులో దాదాపు సగం, అంటే 47 శాతం పని ఓ మాదిరి నైపుణ్యం కావాల్సినదే. ఎక్కువ నైపుణ్యం కావాల్సిన పని 22 శాతం ఉంది.

మన ప్రాంతానికి ఇది కొత్తేమీ కాదు

నిజానికి ‘చేసినంతకే డబ్బులు’ అనే పద్ధతి ఉత్తరాంధ్రకు బాగా తెలుసు. పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో మహిళలు జీడి పిక్కలు ఒలిస్తే కిలోల లెక్కన కూలి. పొందూరులో ఖాదీ నూలు వడికే ఆడవాళ్లకు వడికిన నూలు లెక్కనే సొమ్ము. తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లే మత్స్యకారులు సీజన్ మాట్లాడుకుని బోటెక్కుతారు. పని ఉంటే డబ్బు, లేకపోతే లేదు.

ఇంకోవైపు నెల్లిమర్ల జూట్ మిల్లు లాంటి ఫ్యాక్టరీలూ చూశాం. అక్కడ పర్మినెంట్ కార్మికుడికి పీఎఫ్, ఈఎస్‌ఐ, గ్రాట్యుటీ అనే మాటలు ఉండేవి. లాకౌట్ ప్రకటిస్తే గేటు ముందు కూర్చుని అడగడానికి యూనియన్ ఉండేది. యాజమాన్యం ఎవరో అందరికీ తెలుసు.

యాప్ పనిలో ఆ గేటే లేదు. రేటు ఎందుకు తగ్గిందో, ఆర్డర్లు ఎందుకు రావట్లేదో, ఐడీ ఎందుకు బ్లాక్ అయిందో చెప్పేందుకు ఎదురుగా మనిషి ఉండడు. కస్టమర్ కేర్ చాట్ బాక్స్ ఒక్కటే దిక్కు. కిలో లెక్కన కూలి పాతదే అయినా, కనిపించని మేస్త్రీ మాత్రం కొత్త.

రోజుకు రూ. 900 వస్తే.. మిగిలేది ఎంత?

చాలామంది యాప్‌లో కనిపించే మొత్తాన్నే సంపాదన అనుకుంటారు. ఒక చిన్న ఉదాహరణ వేసి చూద్దాం. రోజుకు 11 గంటలు ఆన్‌లైన్‌లో ఉండి, 100 కిలోమీటర్లు తిరిగి రూ. 900 సంపాదించారనుకుందాం.

- పెట్రోల్ (లీటరుకు 50 కి.మీ. మైలేజ్, లీటర్ రూ. 110 అనుకుంటే): రూ. 220
- సర్వీసింగ్, టైర్లు, ఇంజిన్ ఆయిల్ కోసం పక్కన పెట్టాల్సింది: రూ. 60
- బైక్ ఈఎంఐ (నెలకు రూ. 3,000 చొప్పున): రూ. 100
- ఫోన్ రీఛార్జ్: రూ. 10

మొత్తం ఖర్చు రూ. 390. చేతిలో మిగిలేది రూ. 510. గంటల లెక్కన చూస్తే గంటకు దాదాపు రూ. 46 మాత్రమే! ఇందులో టీ, టిఫిన్ ఖర్చు కలపలేదు. ఒంట్లో బాగోక ఇంట్లో ఉన్న రోజున ఇదీ రాదు, కానీ ఈఎంఐ మాత్రం ఆగదు. అంకెలు మీ ఊరిని బట్టి, బండిని బట్టి మారతాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే. ఈ పని గిట్టుబాటు అవుతుందా లేదా అనేది ఈ లెక్క వేసుకున్నాకే తేలుతుంది.

కొత్త చట్టం ఏం చెబుతోంది?

కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చింది. అందులో సామాజిక భద్రతా కోడ్ గిగ్, ప్లాట్‌ఫామ్ వర్కర్లను మొదటిసారి చట్టం గుర్తింపులోకి తీసుకొచ్చింది. ముఖ్యాంశాలు ఇవే..

- యాప్ కంపెనీలు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సామాజిక భద్రత కోసం ఇవ్వాలి. అయితే ఆ మొత్తం వర్కర్లకు చెల్లించే సొమ్ములో 5 శాతం దాటకూడదు. అంటే వర్కర్లకు రూ. 100 చెల్లిస్తే, కంపెనీ వాటా గరిష్ఠంగా రూ. 5 అన్నమాట.
- ఈ నిధి నుంచి ప్రమాద బీమా, జీవిత బీమా, ఆరోగ్యం, ప్రసూతి ప్రయోజనాలు, వృద్ధాప్య రక్షణ లాంటి పథకాలు పెట్టొచ్చు.
- 2025 డిసెంబర్ చివర్లో కేంద్రం విడుదల చేసిన ముసాయిదా నిబంధనల ప్రకారం, అర్హత రావాలంటే అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో ఒకే యాప్‌లో అయితే కనీసం 90 రోజులు, వేర్వేరు యాప్‌లలో అయితే మొత్తం 120 రోజులు పనిచేసి ఉండాలి.
- ఆ రోజు ఎంత సంపాదించారన్నది ముఖ్యం కాదు. ఎంతో కొంత ఆదాయం వస్తే చాలు, ఒక రోజు కింద లెక్క. ఒకే రోజు మూడు యాప్‌లలో పనిచేస్తే మూడు రోజులుగా లెక్కిస్తారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇది పీఎఫ్ లాంటిది కాదు. నెలనెలా మీ పేరున సొమ్ము జమ కాదు. అందరి కోసం ఉండే నిధి, దాని నుంచి నడిచే పథకాలు.. అంతే. కనీస వేతనం, గ్రాట్యుటీ, పని గంటల పరిమితి లాంటివి ‘ఉద్యోగి’ అనే హోదా ఉన్నవాళ్లకే వర్తిస్తాయి. గిగ్ వర్కర్లకు ఆ హోదా ఇంకా రాలేదు. బ్రిటన్‌లో మాత్రం ఉబర్ డ్రైవర్లకు కనీస వేతనం, సెలవు వేతనం లాంటి ‘వర్కర్’ హక్కులు ఉంటాయని అక్కడి సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది.

90 రోజుల లెక్క మనోళ్లకు ఎందుకు ముఖ్యం?

మన జిల్లాల్లో చాలామంది ఏడాదంతా ఒకే పని చేయరు. నాట్లు, కోతల సమయంలో పొలం, ఖాళీగా ఉన్నప్పుడు డెలివరీ, పండక్కి ఊరు, తర్వాత మళ్లీ బెంగళూరో హైదరాబాదో. ఇలాంటివాళ్లకు 90 రోజులు పెద్ద లెక్కేమీ కాదు. వారానికి రెండు రోజులు చేసినా ఏడాదికి వంద దాటుతుంది. కానీ ఐడీ బ్లాక్ అయినా, ఫోన్ పోయినా, నంబర్ మార్చినా పాత రికార్డు దొరక్క ఇబ్బంది పడతారు. అందుకే ప్రతి వారం సంపాదన పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. బ్యాంక్ స్టేట్‌మెంట్ కూడా ఉంచుకోండి. రేపు గొడవ వస్తే మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే.

ఇక వలస వెళ్లినవాళ్లకు అక్కడి రాష్ట్ర నిబంధనలు వేరుగా ఉంటాయి. గిగ్ వర్కర్ల కోసం రాజస్థాన్ 2023లో దేశంలోనే తొలి చట్టం చేసింది. కర్ణాటక 2025లో తెచ్చిన చట్టం ప్రకారం వర్కర్‌ను తొలగించాలంటే కారణం చెప్పి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్‌లోనే రూ. 5 లక్షల ప్రమాద బీమా ఉత్తర్వులు ఇచ్చింది. కాబట్టి బెంగళూరు, హైదరాబాద్‌లలో పనిచేస్తున్న మనవాళ్లు అక్కడి రిజిస్ట్రేషన్ సంగతి తప్పక కనుక్కోవాలి. ఇక్కడే పనిచేసేవారికి ప్రధాన ఆధారం కేంద్ర చట్టమే.

ఈ-శ్రమ్ రిజిస్ట్రేషన్ ఎలా?

కేంద్రం ఈ-శ్రమ్ పోర్టల్‌ను 2021 ఆగస్టు 26న ప్రారంభించింది. 2025 బడ్జెట్‌లో ప్లాట్‌ఫామ్ వర్కర్లకు గుర్తింపు కార్డులు, ఈ-శ్రమ్ నమోదు, ఆయుష్మాన్ భారత్ కింద వైద్యం కల్పిస్తామని, దీంతో దాదాపు కోటి మందికి మేలు జరుగుతుందని ప్రకటించింది. ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి రూ. 5 లక్షల వరకు ఆసుపత్రి వైద్యం అందుతుంది.

- ఆధార్, ఆధార్‌కు లింక్ అయిన మొబైల్ నంబర్, బ్యాంక్ ఖాతా వివరాలు దగ్గర పెట్టుకోండి.
- పోర్టల్‌లో ప్లాట్‌ఫామ్ వర్కర్ కింద నమోదు చేసుకుని, మీరు పనిచేసే యాప్ పేరు ఎంచుకోండి.
- నమోదు పూర్తయితే 12 అంకెల యూఏఎన్ నంబర్ వస్తుంది. కార్డు డౌన్‌లోడ్ చేసి ఇంట్లోవాళ్లకు కూడా పంపండి.
- ఫోన్‌లో చేసుకోవడం రాకపోతే దగ్గర్లోని కామన్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లొచ్చు. సందేహాలుంటే హెల్ప్‌లైన్ 14434.

రూ. 20తో రూ. 2 లక్షల బీమా

చట్టం ఫలాలు పూర్తిగా అందేలోపు మీ చేతిలో ఉన్న దారి ఒకటుంది. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ప్రీమియం ఏడాదికి కేవలం రూ. 20. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా రూ. 2 లక్షలు. 18 నుంచి 70 ఏళ్ల వరకు బ్యాంక్ ఖాతా ఉన్న ఎవరైనా చేరొచ్చు. జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి రూ. 436. ఏ కారణంతో మరణించినా కుటుంబానికి రూ. 2 లక్షలు అందుతాయి. దీనికి వయసు 18 నుంచి 50 లోపు ఉండాలి.

బండి విషయంలోనూ ఒక జాగ్రత్త. సొంత వాడకానికి తీసుకున్న పాలసీతో డెలివరీ, బైక్ ట్యాక్సీ నడిపితే క్లెయిమ్ సమయంలో బీమా కంపెనీ పేచీ పెట్టొచ్చు. పాలసీ తీసుకునేటప్పుడే అడగండి. క్యాబ్, బైక్ ట్యాక్సీ యాప్‌ల విషయానికొస్తే, డ్రైవర్‌కు కనీసం రూ. 5 లక్షల ఆరోగ్య బీమా, రూ. 10 లక్షల టర్మ్ బీమా ఉండాలని కేంద్రం 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీకు అది ఉందో లేదో యాప్‌లో చెక్ చేసుకోండి.

ఫ్రీలాన్సర్ల సంగతేంటి?

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఉంది. యాప్ కంపెనీ మధ్యలో ఉంటేనే ఆ 1-2 శాతం నిధి మాట వస్తుంది. నేరుగా ఒక స్టూడియోకు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసిచ్చే కుర్రాడికి మధ్యలో యాప్ లేదు కాబట్టి అతని కోసం నిధికి వాటా ఇచ్చేవాళ్లూ లేరు. అతనికున్న పెద్ద సమస్య బీమా కంటే ముందు.. చేసిన పనికి డబ్బులు రాబట్టుకోవడం!

- పని మొదలుపెట్టే ముందే రేటు, గడువు, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు అనేవి వాట్సాప్‌లో అయినా రాతపూర్వకంగా పెట్టుకోండి. కొంత అడ్వాన్స్ తీసుకోండి.
- ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా ఉచితంగా నమోదు చేసుకోండి. అలా నమోదైనవారికి ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే వడ్డీ అడిగే హక్కు ఉంటుంది.
- సేవల ద్వారా వచ్చే ఏడాది టర్నోవర్ రూ. 20 లక్షలు దాటితే సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం.

‘డేటా ఎంట్రీ జాబ్’ అంటే ఆగండి

ఇంటి దగ్గరే పని, విదేశాల్లో కంప్యూటర్ పని అంటూ వల వేసే ముఠాలూ ఉన్నాయి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి ఉత్తరాంధ్ర యువతను కంబోడియా పంపి, అక్కడ బలవంతంగా సైబర్ మోసాలు చేయించిన వ్యవహారాన్ని విశాఖ పోలీసులు 2024 మేలో బయటపెట్టారు. పని ఇచ్చేవాడు మీకు డబ్బివ్వాలి. మిమ్మల్నే డిపాజిట్ కట్టమంటే అది పని కాదు. డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి కాల్ చేయండి.

చివరిగా..

గిగ్ వర్కర్లు 2025 డిసెంబర్ 25, 31 తేదీల్లో దేశవ్యాప్తంగా సమ్మె చేశారు. పది నిమిషాల డెలివరీ వద్దన్నది వాళ్ల డిమాండ్లలో ఒకటి. ఆ తర్వాత 2026 జనవరిలో కేంద్రం జోక్యంతో బ్లింకిట్ తన ‘10 నిమిషాల’ ప్రచారాన్ని పక్కనపెట్టింది. అంటే ఒక్కొక్కరుగా అడిగితే చాట్ బాక్స్ దాటని మాట, కలిసి అడిగితే ఢిల్లీ దాకా వెళ్లింది.

భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టులతో మన దగ్గర రవాణా, డెలివరీ పనులు ఇంకా పెరిగే అవకాశం ఉంది. పని వస్తే మంచిదే. ఊరు వదలకుండా నాలుగు రూపాయలు సంపాదించుకోవచ్చు. కానీ యాప్ మీ గురించి అన్నీ చూసుకుంటుందని అనుకోవద్దు. ఈ-శ్రమ్ కార్డు, రూ. 20 బీమా, వారానికో స్క్రీన్‌షాట్.. ఈ మూడూ ఈ వారమే పూర్తి చేయండి. మీ ఇంట్లో, మీ వీధిలో డెలివరీ చేసే తమ్ముడు ఉంటే అతనికీ చెప్పండి.