బొమ్మ గీసే పనిముట్టా, నొక్కి చూసే పనిముట్టా?

పోయిన దసరాకి మా అన్నయ్య కూతురు బెజవాడ నుంచి వచ్చింది. డిగ్రీ అయింది, డిజైన్ పని నేర్చుకుంటానంటోంది. చేతిలో ఒక శిక్షణాలయం వాళ్ళ కరపత్రం. ఇలస్ట్రేటర్‌కి ఒక ఫీజు, ప్రోటోటైపింగ్‌కి ఒక ఫీజు, రెండూ కలిపితే ఇంకో ఫీజు. "రెండూ బొమ్మలు గీసేవేనమ్మా, ఏది నేర్చుకున్నా ఒకటే" అన్నాట్ట అక్కడి ఆయన. ఆ ఫీజు కట్టడానికి మా వదిన చేతి గాజులు బ్యాంకులో పెడదామని సిద్ధమైపోయింది. గాజుల మాట వినేసరికి నేను ఊరుకోలేకపోయాను. పదో తరగతితో చదువు ఆపేసిన నాకు ఈ సంగతులేం తెలుసంటారా? తెలియదు కనకనే సిగ్గు లేకుండా అడగగలిగాను. ఆ పిల్లనీ, మా వీధి చివర పెళ్ళికార్డులు వేసే ప్రెస్సు కుర్రాణ్ణీ, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా తోటికోడలి కొడుకునీ వారం రోజులు విసిగించి తెలుసుకున్నది మీకు చెప్తాను.

కంప్యూటరు బొమ్మని రెండు రకాలుగా దాచుకుంటుందిట. ఒకటి మనం గళ్ళగుడ్డ మీద క్రాస్ స్టిచ్ కుట్టినట్టు, గడికో రంగు. ఫోనుతో తీసిన ఫోటోలన్నీ ఇంతే. దాన్ని ఫ్లెక్సీ బోర్డంత పెంచితే గళ్ళు బయటపడి మనిషి ముక్కు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. రెండోది మన ముగ్గు లాంటిది. "15 చుక్కలు, సందుచుక్క, 8 వచ్చేదాకా" అని రాసుకుంటే చాలు కదండీ, ఆ ముగ్గుని గుమ్మం ముందు చిన్నదిగానూ వేయొచ్చు, వాకిలంతా పరుచుకునేట్టూ వేయొచ్చు. గీత ఎక్కడా చెడదు. అక్కడ దాచుకున్నది బొమ్మని కాదు, బొమ్మ వేసే పద్ధతిని. దీన్నే వెక్టర్ అంటారు. గీత మీద అక్కడక్కడ చుక్కలుంటాయి. చుక్కకి అటూ ఇటూ రెండు పుల్లల్లాంటివుంటాయి. పుల్లని లాగితే గీత వంపు తిరుగుతుంది. ఈ వంపుల లెక్క ఫ్రాన్సులో కార్ల కంపెనీల్లో పుట్టిందంటే నాకు భలే ఆశ్చర్యం వేసింది. సిట్రోయెన్‌లో డి కాస్టెల్జో 1959లో కనుక్కున్నాడు. రెనోలో పియెర్ బెజియే 1960ల్లో దాన్ని లోకానికి తెలియజేశాడు. అందుకే పేరు మటుకు బెజియే వంపులు. ఈ పద్ధతి మీద నడిచే ఇలస్ట్రేటర్ 1987లోనూ, మన ప్రెస్సుల్లో ఎక్కువగా కనిపించే కోరెల్‌డ్రా 1989లోనూ వచ్చాయి.

పచ్చడి సీసా మీద లేబులు, కొట్టు ముందు బోర్డు, శుభలేఖ, జాకెట్టు మగ్గం పనికి గీసే నెమలి, ఇవన్నీ ఈ పనిముట్టుతో చేసేవి. చివరికి కాగితం మీదో గుడ్డ మీదో దిగవలసినవి అన్నమాట. ఇక్కడ రంగుల తిరకాసొకటుంది. మా గృహప్రవేశం కార్డు కంప్యూటరు తెర మీద చిలకపచ్చగా మెరిసిపోయింది. అచ్చయి వస్తే పాచిపట్టిన గోడలా ఉంది. ప్రెస్సు వాళ్ళని నానా మాటలూ అన్నాను. పాపం, తప్పు వాళ్ళది కాదు. తెర వెలుతురుతో, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులతో రంగు చూపిస్తుంది. అచ్చుకి వేరే నాలుగు సిరాలు. తెర మీద కనిపించే కొన్ని రంగులు ఆ సిరాల్లో పుట్టనే పుట్టవు. ఇలస్ట్రేటర్ లాంటివాటిలో ముందే సిరాల లెక్కలో గీసుకోవచ్చు. మా కార్డు గీసిపెట్టిన బంధువుల అబ్బాయి తెర లెక్కలో గీసి ఇచ్చాడు.

ఇక రెండోది. ప్రోటోటైప్ అంటే నమూనా. ఖరీదైన పట్టుగుడ్డ కత్తిరించే ముందు న్యూస్‌పేపరు మీద జాకెట్టు కత్తిరించి చూసుకోమూ, అలాంటిది. బ్యాంకు యాప్, గ్యాసు బుకింగ్ యాప్ ఇలాంటివి తయారుచేయాలంటే ప్రోగ్రాములు రాసేవాళ్ళకి నెలల పని. అంత పనీ అయ్యాక "ఈ మీట ఇక్కడ ఎవరికీ కనపడటం లేదు" అంటే ఎంత నష్టం! అంచేత ముందు తెరలు బొమ్మలుగా గీసి, ఈ మీట నొక్కితే ఆ తెర రావాలని ఒకదాన్నుంచి ఇంకోదానికి తీగ లాగి కలుపుతారు. ఫోనులో పెట్టి నొక్కితే అచ్చం నిజం యాప్ లాగే కదులుతుంది. వెనకాల ఏమీ ఉండదు. నాటకంలో తెర మీద ఇల్లున్నట్టే. 2016లో అందరికీ అందుబాటులోకి వచ్చిన ఫిగ్మా ఇలాంటిదే.

మా మేనకోడలు ఊరికే ఉండక ఉచితంగా దొరికే ఫిగ్మాలో పాలలెక్క యాప్ ఒకటి అయిదు తెరలు గీసి మా అత్తగారి చేతిలో పెట్టింది. "బామ్మగారూ, రేపు పాలు వద్దని చెప్పండి" అంది. ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని, వెతికి, నొక్కారు. "సమర్పించబడింది" అని వచ్చింది. ఆవిడ దాని వంక చూసి, "ఇంతకీ పాలవాడికి తెలిసిందా లేదా?" అన్నారు. పిల్ల ముఖం చూడాలి! పది నిమిషాల్లో మార్చేసి "రేపు మీకు పాలు రావు" అని తేదీతో సహా పెట్టింది. ఇంకోటి కూడా బయటపడింది. "రద్దు" అనే మీటలో దకారం కింది వత్తు సగం తెగిపోయింది. ఆ మీట కొలత ఇంగ్లీషు అక్షరాలకి పెట్టింది. మన తెలుగుకి పైన గుడులూ, కింద వత్తులూ ఉంటాయి, చోటెక్కువ కావాలి. అన్నట్టు, ప్రెస్సుల్లో వాడే పాత అనూ అక్షరాలు ఇక్కడ పనికిరావు, ఫోనులో అర్థంకాని ఇంగ్లీషు గుర్తులైపోతాయి. యూనికోడ్ తెలుగే టైపు చేయాలి.

మరి ఆ శిక్షణాలయం ఆయన అన్నది పూర్తిగా అబద్ధమా అంటే, కాదండీ. ఫిగ్మాలోనూ గీత గీయొచ్చు. 2025లో బొమ్మలకని మరికొన్ని సాధనాలు చేర్చారు కూడా. ఇలస్ట్రేటర్‌లోనూ ఫోను తెర బొమ్మ గీయొచ్చు. కాని దాన్ని నొక్కితే కదలదు. ఫిగ్మాలో శుభలేఖ గీస్తే అచ్చు దగ్గర నా చిలకపచ్చ గతే. అట్లకాడతో అన్నం వడ్డించొచ్చు, వడ్డిస్తామా? నన్నడిగితే, మీ పని చివరికి ఎక్కడ చేరుతుందో చూసుకోండి. కాగితానికా, ఎవరైనా వేలు పెట్టి నొక్కే తెరకా? చెయ్యి తిరిగినవాళ్ళు గుర్తుల బొమ్మలు మొదటిదానిలో గీసి, రెండోదానిలోకి తెచ్చుకుని తెరల్లో పెడతారుట. అంటే ఎప్పటికైనా రెండూ కావాలి. మొదట ఏదన్నదే ప్రశ్న.

నాకు అసలు ఒళ్ళు మండింది ఆ కరపత్రం రెండో పేజీ చూశాక. ప్రోటోటైపింగ్ పాఠం అంతా అడోబ్ ఎక్స్‌డీ మీద ఉంది. ఇలస్ట్రేటర్ తయారుచేసే కంపెనీదే అది కూడా. ఆ కంపెనీ 2022 సెప్టెంబరులో ఫిగ్మాని 2,000 కోట్ల డాలర్లకి కొంటామని ప్రకటించింది. యూరపు, బ్రిటన్ అధికారులు అడ్డు చెప్పేసరికి 2023 డిసెంబరులో మానుకుంది. ఈ లోగా ఎక్స్‌డీని విడిగా అమ్మటమే ఆపేసింది, కొత్త సౌకర్యాలు చేర్చటం లేదు. అలాంటి దానికి గాజులు తాకట్టు పెట్టాలా? మా తోటికోడలి కొడుకు ఈ మాట చెప్పకపోతే పెట్టేసేవాళ్ళమే. పిల్ల ఫోన్ చేసి అడిగితే, "పాత కరపత్రం అమ్మా, మారుస్తాం" అన్నారు అక్కడివాళ్ళు.

ఖర్చు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఇలస్ట్రేటర్‌కి నెలనెలా చందా కట్టాలి, కంప్యూటరు కూడా కాస్త గట్టిది కావాలి. దానికి బదులు ఇంక్‌స్కేప్ అని 2003 నుంచీ ఉంది, పూర్తిగా ఉచితం. ఫిగ్మా బ్రౌజరులోనే నడుస్తుంది, నేర్చుకునేవాళ్ళకి ఉచిత వాటా సరిపోతుంది. ఇద్దరు ముగ్గురు ఒకే బొమ్మ మీద ఒకేసారి పనిచేయొచ్చు. నెట్ మటుకు ఉండాలి.

మా పిల్ల యాప్‌ల వైపే మొగ్గింది. మూడు నెలలు ఇంట్లోనే ఉచితంగా నేర్చుకుని, అప్పటికీ చెప్పేవాళ్ళు కావాలనిపిస్తే ఫీజు కడతానంది. గాజులు మా వదిన చేతికే ఉన్నాయి. మొన్న ఫోన్ చేసి, "అత్తా, పాలలెక్కలో నెలాఖరు బిల్లు తెర కొత్తగా గీశాను. ఆదివారం వస్తాను, బామ్మగారిని మధ్యాహ్నం పడుకోనివ్వకు" అంది.