బీఎస్సీ నర్సింగ్ అయ్యింది, ఇప్పుడేం చదవాలి?

ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో నర్సింగ్ పూర్తి చేసిన తెలంగాణ విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు ఈ సమాచారం. ఒక పీజీ పూర్తి చేశాక మరో పీజీకి ప్రభుత్వ స్కాలర్‌షిప్ రాదు. అంటే ఈ అవకాశం ఒక్కసారే. స్నేహితులు చేరారనో, ఏజెంట్ చెప్పాడనో దాన్ని పోగొట్టుకోకండి.

ముందు ఏ ఉద్యోగం కావాలో తేల్చుకోండి

• ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సింగ్ ఆఫీసర్: దీనికి పీజీ అక్కర్లేదు. రాష్ట్ర వైద్య ఆరోగ్య నియామక బోర్డు పోస్టులకు జీఎన్ఎం లేదా బీఎస్సీ చాలు. ఎయిమ్స్ నార్‌సెట్ పరీక్ష కూడా బీఎస్సీతోనే రాయొచ్చు.

• నర్సింగ్ కాలేజీలో బోధన: అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఎమ్మెస్సీ తప్పనిసరి. కోర్సు 2 ఏళ్లు. మెడికల్ సర్జికల్, ప్రసూతి, పిల్లల ఆరోగ్యం, కమ్యూనిటీ హెల్త్, మానసిక ఆరోగ్యం అని 5 విభాగాలు ఉంటాయి. ఆ తర్వాత పీహెచ్‌డీ.

• ఐసీయూ: నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్. ఇదీ 2 ఏళ్ల పీజీనే, కానీ చదువు ఎక్కువగా రోగి మంచం దగ్గరే సాగుతుంది.

• కాన్పుల విభాగం: మిడ్‌వైఫరీ ప్రాక్టీషనర్ శిక్షణ 18 నెలలు. మన రాష్ట్రంలో ఇది 2017లో మొదలైంది.

• జర్మనీలో ఉద్యోగం: అడిగేది ఎమ్మెస్సీ కాదు, జర్మన్ భాష. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా శిక్షణ తీసుకోవచ్చు.

జీఎన్ఎం చదివినవాళ్లు ఎమ్మెస్సీ చేయాలంటే ముందు 2 ఏళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ పూర్తి చేయాలి.

ఎమ్మెస్సీకి అర్హత

బీఎస్సీలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంది. నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్, ఏడాది పని అనుభవం కూడా కావాలి. అందుకే బీఎస్సీ అవగానే సీటు కోసం డబ్బు కట్టకండి. ఏడాది ఉద్యోగం చేసి, అనుభవ ధ్రువపత్రం అడిగి తీసుకోండి.

ఫీజు ఎవరు కడతారు?

కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటా సీటు వస్తే, ఆదాయ పరిమితికి లోబడి ఈపాస్‌లో దరఖాస్తు చేయొచ్చు. హాజరు 75 శాతం తగ్గకూడదు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే మాత్రం రీయింబర్స్‌మెంట్ రాదు. "చేరండి, తర్వాత మేం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ అప్పు చివరికి మీ ఇంటి మీదే పడుతుంది.

విదేశాల్లో పీజీ చదవాలనుకుంటే ఎస్సీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి ఉన్నాయి. ఎస్టీలు, మైనారిటీలు తమ సంక్షేమ శాఖలో అడగాలి. రూ.20 లక్షల వరకు సాయం అందుతుంది. డిగ్రీలో 60 శాతం మార్కులు, రూ.5 లక్షల లోపు కుటుంబ ఆదాయం ఉండాలి. వయసు 35 ఏళ్లు దాటకూడదు.

డబ్బు కట్టే ముందు

1. కాలేజీ పేరు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో చూడండి.
2. సీటు ఏ కోటా కిందదో అలాట్‌మెంట్ లెటర్‌లో చదవండి.
3. కులం, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, బ్యాంకు ఖాతాలో పేరు ఒకేలా ఉండాలి.
4. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏజెంట్ల చేతికి ఇవ్వొద్దు.

సందేహం ఉంటే జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయానికి రండి. అడగడానికి మొహమాటపడొద్దు, దీనికి రుసుమేమీ లేదు.