శరీరము పరాయిదైనప్పుడు: అరుదైన దేహభావ రుగ్మతలు, కాపరి బాధ్యత

ఉపోద్ఘాతము

మనిషి సహజముగా తన దేహమును పోషించుకొని కాపాడుకుంటాడు. ఈ సాధారణ అనుభవము ఆధారముగానే అపొస్తలుడైన పౌలు భార్యాభర్తల ప్రేమను గూర్చి బోధించాడు (ఎఫెసీ. 5:28-29). అయితే ఆ సహజ సంబంధమే దెబ్బతిన్నవారు అన్ని దేశములలోను కొద్దిమంది ఉన్నారు. ఒకరు "ఈ కాలు నాది కాదు" అంటారు. ఒకరు "నేను చనిపోయాను" అంటారు. మరొకరు "నేను మృగమునయ్యాను" అంటారు. మన దేశములో ఇటువంటి బాధ కలిగిన కుటుంబములు తరచుగా వైద్యుని కంటె ముందు ప్రార్థించేవారి యొద్దకు వస్తాయి. అప్పుడు మనము పలికే మొదటి మాట వారిని చికిత్సకు నడిపించవచ్చు, లేదా చికిత్సకు దూరము చేయవచ్చు. ఇట్టి బాధకు ఆయా సంస్కృతులు ఆయా పేర్లు పెట్టినవి. కాపరి ఆ పేరుకు వెనుకనున్న గాయమును గుర్తించవలెనన్నదే ఈ వ్యాసములో మేము చెప్పదలచినది.

1. కోరో: వదంతి పుట్టించిన భయము

పురుషాంగము లోపలికి కుంచించుకుపోతున్నదని, అది పూర్తిగా పోతే మరణము తప్పదని కలిగే తీవ్ర భయమును కోరో అంటారు. ఇది ముఖ్యముగా ఆగ్నేయ ఆసియాలోను దక్షిణ చైనాలోను కనబడినది. 1967లో సింగపూరులో, టీకా వేసిన పందుల మాంసము తిన్నవారికి ఈ కీడు కలుగుతుందని వదంతి పుట్టినది. కొద్ది వారములలోనే 469 కేసులు నమోదైనవి. అవయవమును కాపాడవలెనని బంధువులు గట్టిగా పట్టుకొనుట, బిగించుట వలన గాయపడినవారు కూడ ఉన్నారు. ఇది కేవలము భయము వలన కలిగినదని వైద్యులు రేడియోలోను టెలివిజనులోను వివరించగా కేసులు త్వరగా తగ్గిపోయినవి. 1982లో అస్సాములోను ఉత్తర బెంగాలులోను ఇటువంటి అలజడియే చెలరేగినది.

ఎవరి అవయవమూ తగ్గలేదు గాని వారు పడిన భయము నిజమైనదే. ప్రజలు నమ్మదగినవారు బహిరంగముగా చెప్పిన సత్యమే వారికి మందైనది. ప్రసంగ వేదిక మీదనుండి వచ్చే మాటకును అట్టి బలమున్నది. అది భయమును అణచనూ వచ్చు, రేపనూ వచ్చు.

2. కొటార్ రుగ్మత: "నేను లేను"

1880లో ఫ్రెంచి వైద్యుడు జూల్ కొటార్ ఒక స్త్రీని గూర్చి తెలియజేశాడు. తనకు మెదడు లేదని, నరములు లేవని, ప్రేగులు లేవని, చర్మమును ఎముకలును మాత్రమే మిగిలినవని ఆమె చెప్పేది. దేవుడూ లేడు, సాతానూ లేడు అనేది. తాను భుజింపనక్కరలేదని, ఎన్నటికీ చావనని నమ్మినది. చివరకు ఆహారము లేకయే మరణించినది. ఈ రోగులలో కొందరు తాము శపింపబడినామని, తమకు దయ్యము పట్టినదని కూడ తలస్తారని కొటార్ గమనించాడు.

ఈ మాటలు విన్న కాపరి ఏమనుకొంటాడు? దేవుడు లేడన్నది గనుక అవిశ్వాసమనుకొనవచ్చు. శాపమన్నది గనుక శాపవిమోచన ప్రార్థనకు పూనుకొనవచ్చు. ఉపవాసము కూడ విధించవచ్చు! భోజనము మానిన రోగికి అది ప్రాణాంతకము. ఈ స్థితి ఎక్కువగా తీవ్రమైన విషాద రోగముతోను, కొన్నిసార్లు మెదడు వ్యాధులతోను కలిసి వస్తుంది. మందుల వలన, విద్యుత్ చికిత్స వలన కోలుకున్నవారున్నారు.

3. మృగముగా మారితిననే భ్రమ

నెబుకద్నెజరు పశువువలె గడ్డి మేసిన సంగతి మనమెరుగుదుము (దానియేలు 4). తాను జంతువుగా మారితినని నమ్మే రోగులు నేటికిని ఉన్నారు. అమెరికాలోని మెక్లీన్ ఆసుపత్రి వైద్యులు 1988లో ఇట్టివారు 12 మందిని గూర్చి ప్రచురించారు. ఐరోపా కథలలో ఆ జంతువు తోడేలు, జపానులో నక్క. రోగి తాను పెరిగిన ఊరి కథలనుండియే తన భ్రమకు రూపమును తెచ్చుకొంటాడు.

బబులోను రాజు విషయములో అది దేవుని తీర్పని లేఖనమే చెప్పుచున్నది. అయితే ఆ ఒక్క సంగతిని బట్టి ప్రతి రోగిని తీర్పు పొందినవానిగా ఎంచుటకు మనకు అధికారము లేదు. పుట్టు గ్రుడ్డివాని విషయములో శిష్యులు వేసిన అట్టి ప్రశ్నను ప్రభువు త్రోసివేశాడు (యోహాను 9:1-3).

4. బాడీ ఇంటెగ్రిటీ డిస్ఫోరియా: "ఈ కాలు నాది కాదు"

ఇది పై మూడింటికి భిన్నమైనది. ఇందులో భ్రమ లేదు. కాలు ఆరోగ్యముగా ఉన్నదని, అది తనదేనని ఆ వ్యక్తికి తెలుసు. అయినను అది తన దేహములో ఉండవలసినది కాదనే వేదన బాల్యమునుండియో కౌమారమునుండియో వెంటాడుతుంది. 2005లో అమెరికా వైద్యుడు మైకేల్ ఫస్ట్ ఇట్టి కోరిక గల 52 మందితో మాట్లాడి తన పరిశోధనను ప్రచురించాడు. తమిళనాడులో జన్మించిన వి. ఎస్. రామచంద్రన్, ఆయన సహచరులు మెదడు కుడి ప్రక్కనున్న ప్యారైటల్ భాగములో దీనికి కారణమును వెదికారు. దేహ చిత్రమును కూర్చే ఆ భాగములో ఆ అవయవమునకు తగిన చోటు ఏర్పడలేదని వారి అభిప్రాయము. 2022లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక 11వ కూర్పులో ఈ రుగ్మతకు స్థానము లభించినది.

స్కాట్లాండులో రాబర్ట్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు 1997లో ఒకరికి, 1999లో మరొకరికి ఆరోగ్యముగా ఉన్న కాలును తొలగించాడు. సంగతి 2000లో బయటపడగా ఆసుపత్రి యాజమాన్యము అట్టి శస్త్రచికిత్సలను నిలిపివేసినది. వైద్యనీతి పండితులలో ఈ వాదము ఇంకను తెగలేదు.

5. నరికివేయుమన్న వాక్యము

ఇట్టి వ్యక్తి మత్తయి 5:29-30 చదివితే ఏమగును? అభ్యంతరపరచే చేతిని నరికివేయుమన్న మాటను అనుమతిగా తీసికొనే ప్రమాదమున్నది. పాపము హృదయములోనుండి వచ్చునని ప్రభువే బోధించాడు (మార్కు 7:20-23). గనుక అవయవమును తీసివేసినంత మాత్రమున పాపము పోదు. పాపముతో రాజీపడకూడదనుటకే ఆయన అంత కఠినమైన అలంకారమును వాడాడు.

ఆది సంఘమునకు ఈ సమస్య క్రొత్త కాదు. మత్తయి 19:12ను అక్షరార్థముగా తీసికొని ఓరిగెను తన్ను తాను నపుంసకునిగా చేసికొన్నాడని చరిత్రకారుడైన యూసేబియసు వ్రాశాడు. క్రీ.శ. 325లో నికయ సభ చేసిన మొదటి నియమమే దీనిని గూర్చినది. రోగము వలన వైద్యుల చేతిలో అవయవమును కోల్పోయినవాడు, శత్రువుల చేతిలో కోల్పోయినవాడు పరిచర్యలో కొనసాగవచ్చును. ఆరోగ్యముగా ఉండి తన్ను తాను ఛేదించుకొన్నవాడు కొనసాగరాదు. చికిత్సకును స్వీయహానికిని మధ్య సంఘము అంత పూర్వమే గీత గీసినది. అవయవమును కోల్పోయినవారిని మాత్రము అవమానింపలేదు. మన వైఖరియు అట్లే ఉండవలెనని మేము తలంచుచున్నాము: ఛేదనమును ప్రోత్సహింపరాదు, బాధితుని నిందింపరాదు.

6. కాపరి చేయదగినవి

మొదటిది, వినుట. నవ్వకుండ, భయపడకుండ, వాదింపకుండ వినవలెను. ఆ వ్యక్తి చెప్పినది సంఘములో సాక్ష్యముగాను ప్రార్థనాంశముగాను బయటపెట్టరాదు.

రెండవది, వివేచించుట. దయ్యములను గూర్చిన లేఖన బోధను మేము కాదనుట లేదు. అయితే మత్తయి 4:24 దయ్యము పట్టినవారిని, రోగులను వేరువేరుగా పేర్కొన్నది. సువార్తికుడు చూపిన ఆ భేదమును మనము చెరిపివేయరాదు.

మూడవది, అప్పగించుట. భోజనము మానుట, తన్ను తాను గాయపరచుకొనుటకు ప్రయత్నించుట, చావును గూర్చి మాట్లాడుట కనబడితే ఆ దినమే మానసిక వైద్యుని యొద్దకు తీసికొని వెళ్లవలెను. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఫోను చేయవచ్చును. మందులు మాన్పించి ప్రార్థించుట విశ్వాసము కాదు. ప్రార్థన చికిత్సకు తోడుగా సాగవలెను.

నాలుగవది, బంధింపకుండుట. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో మంటలు చెలరేగినప్పుడు, స్వస్థత కొరకు తెచ్చి గొలుసులతో కట్టిన 28 మంది రోగులు తప్పించుకొనలేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసులతో కట్టుటను పూర్తిగా నిషేధించినది. గెరాసేనుల దేశములోనివానికి కూడ జనులు వేసిన సంకెళ్లు మేలు చేయలేదు. ప్రభువు అతనిని బాగుచేసి, తన వారియొద్దకు తిరిగి పంపాడు (మార్కు 5:1-20).

ముగింపు

తాను చేయి కాను గనుక శరీరములోనిదానను కానని పాదము తలంచినను, అది శరీరమునకు వేరు కాదని పౌలు వాదించాడు (1 కొరింథీ. 12:15). పౌలు అక్కడ చెప్పినది సంఘమును గూర్చియే. తన కాలే తనది కాదని బాధపడే సహోదరునికి ఆ వేదన ఎన్నాళ్లుంటుందో మనము చెప్పలేము. అయితే అతడు మనవాడేనని మాత్రము ఈ దినమే చెప్పగలము. ఆ మాట చెప్పి, అతని వెంట ఆసుపత్రి వరకు నడుచుట మన పరిచర్యలో భాగమని ప్రతి కాపరియు గ్రహించును గాక.